సజీవుల లెక్క: ఆర్ట్ స్పీగల్‌మన్ ‘మౌస్’ బొమ్మల నవలపై ఒక కాపరి పరిశీలన

ఉపోద్ఘాతం

1996 నవంబరు 6 రాత్రి తూర్పు గోదావరి తీరాన్ని తుపాను తాకినప్పుడు నేను అక్కడ ఒక చిన్న సంఘానికి కొత్తగా వచ్చిన కాపరిని. తరువాతి ఆదివారం, మనలను దేవుడు సజీవుల లెక్కలో ఉంచాడంటే మన పట్ల ఆయనకు ఒక ఉద్దేశం ఉన్నదని ప్రసంగించాను. సంఘమంతా ఆమేన్ అన్నది. ఆరాధన ముగిసిన తరువాత, వేటకు వెళ్లి తిరిగిరాని ఒక యువకుని తల్లి నా దగ్గరకు వచ్చి, “అయితే అయ్యగారూ, మా అబ్బాయి పట్ల దేవునికి ఏ ఉద్దేశమూ లేకపోయిందా?” అని అడిగింది. బి.డి. చదువులో నేర్చుకున్న జవాబులలో ఒక్కటి కూడా ఆ రోజు నా నోటికి రాలేదు.

ఇన్నేళ్ల తరువాత ఆ ప్రశ్నను మళ్లీ నా ముందు నిలబెట్టినది ఒక బొమ్మల నవల. బొమ్మల కథ అనగానే మనకు పిల్లల పత్రికలు, సండేస్కూలు పటాలు గుర్తుకు వస్తాయి. ‘మౌస్’ అటువంటిది కాదు. శ్రమల మధ్య ఒకరినొకరు ప్రేమించి బ్రతికి బయటపడిన దంపతుల కథ ఇది. అయితే బ్రతకడాన్ని యోగ్యతగా గాని, ఇతరులకు దొరకని కృపకు రుజువుగా గాని మార్చడానికి ఈ గ్రంథం ఒప్పుకోదు. సాక్ష్య కూటాలు నడిపించే మనకు ఈ గ్రంథం చేసే మేలు అక్కడే ఉందని ఈ వ్యాసంలో చూపదలచాను.

1. గ్రంథ పరిచయం

ఆర్ట్ స్పీగల్‌మన్ 1948లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జన్మించి, న్యూయార్క్‌లో పెరిగిన చిత్రకారుడు. ఆయన తల్లిదండ్రులైన వ్లాడెక్, ఆన్యా పోలండ్ దేశపు యూదులు. ఇద్దరూ ఆష్‌విట్జ్ శిబిరం నుండి ప్రాణాలతో బయటపడినవారు. వృద్ధుడైన తండ్రిని అడిగి, ఆయన మాటలను టేపు మీద రికార్డు చేసుకొని, కుమారుడు ఈ గ్రంథాన్ని గీశాడు. మొదటి సంపుటి 1986లో, రెండవది 1991లో వెలువడ్డాయి. 1992లో దీనికి ప్రత్యేక పులిట్జర్ బహుమతి లభించింది.

‘మౌస్’ అనే జర్మన్ పదానికి ఎలుక అని అర్థం. ఇందులో యూదులకు ఎలుక ముఖాలు, జర్మన్లకు పిల్లి ముఖాలు, పోలండ్ వారికి పంది ముఖాలు, అమెరికన్లకు కుక్క ముఖాలు ఉంటాయి. యూదులు మనుషులు కారు, నిర్మూలించవలసిన ఎలుకలు అన్న నాజీల ప్రచారాన్నే తీసుకొని గ్రంథకర్త వారి మీదికి తిప్పాడు. కొన్ని పుటలు చదివేసరికి ఎలుక ముఖం మన కంటికి కనబడదు. తండ్రి, తల్లి, బిడ్డ కనబడతారు. కథ రెండు కాలాల్లో నడుస్తుంది: యుద్ధకాలపు పోలండ్ ఒకటి, తండ్రీ కొడుకులు మాట్లాడుకొనే న్యూయార్క్ మరొకటి.

2. రొట్టెముక్కలతో లెక్కించిన ప్రేమ

వ్లాడెక్, ఆన్యాల వివాహం 1937లో జరిగింది. మొదటి కుమారుడు రిషూ పుట్టిన తరువాత ఆన్యా తీవ్రమైన మనోవ్యాధికి లోనైతే, భర్త ఆమెను ఆరోగ్యాశ్రమానికి తీసుకువెళ్లి దగ్గరుండి చూసుకొన్నాడు. యుద్ధంలో బిడ్డను భద్రంగా ఉంటాడని ఆన్యా అక్కతో వేరే ఊరికి పంపారు. 1943లో ఆ ఊరి యూదులందరినీ శిబిరాలకు తరలించబోతున్నప్పుడు, ఆమె తన దగ్గరున్న పిల్లలకు విషమిచ్చి తానూ తీసుకొన్నది. ఆ వార్త విని, ఇక బ్రతకనన్న ఆన్యాను వ్లాడెక్ బ్రతిమాలి నిలబెట్టాడు. హంగరీకి దాటిస్తామన్నవారు మోసగించగా, 1944 మార్చిలో ఇద్దరూ ఆష్‌విట్జ్ చేరారు. ఆయన ప్రధాన శిబిరంలో, ఆమె బిర్కెనావ్‌లో.

ఇక్కడ ప్రేమ మాటల్లో లేదు. పొదుపులో ఉంది. మాన్సీ అనే హంగరీ యూదురాలు ప్రాణానికి తెగించి వారి మధ్య చీటీలు, ఆహారం చేరవేసింది. ఆన్యాను తన శిబిరంలో కొత్తగా కట్టిన బారకాసులకు మార్పించడానికి కావలసిన లంచం కోసం వ్లాడెక్ తన రొట్టెను, సిగరెట్లను తినక, తాగక దాచాడు. దాచిన పెట్టెను ఎవరో దొంగిలిస్తే మళ్లీ మొదటినుండి దాచాడు. చివరకు ఆమెను రప్పించుకొన్నాడు. ప్రేమను గూర్చి వివాహ ఆరాధనల్లో మనం చెప్పే మాటలకు ఇంతకంటే గట్టి దృష్టాంతం దొరకదు.

గ్రంథకర్త అక్కడ ఆగి ఉంటే ఇది మంచి ప్రసంగ దృష్టాంతంగానే మిగిలేది. ఆయన ఆగలేదు. ఆష్‌విట్జ్‌లో ఆన్యాను కాపాడిన ఆ పొదుపే న్యూయార్క్‌లో పిసినారితనమైంది. వ్లాడెక్ సగం తిన్న ఆహారపు డబ్బాలను దుకాణానికి తిరిగి ఇచ్చివస్తాడు. రెండవ భార్య మాలా కూడా ఆ శ్రమలను అనుభవించినదే. ఆమెకు ఆయనతో కాపురం నరకమైంది. దారిలో ఒక నల్లజాతి వ్యక్తిని కోడలు కారు ఎక్కించుకొంటే వ్లాడెక్ అతనిని జాతి పేరుతో నిందిస్తాడు. హిట్లరు చేతిలో నీవు పడినదే నీవూ చేస్తున్నావని కోడలు గద్దించినా ఆయనకు అర్థం కాదు. శ్రమ మనిషిని దానంతట అదే పరిశుద్ధపరచదు. వివక్ష అనుభవించి క్రీస్తు దగ్గరకు వచ్చిన మన సంఘాలలోనే ఉపకులాల వారీగా బల్లలు వేరైన సంగతి తెలిసినవారికి ఈ ఘట్టం కొత్త కాదు.

3. మండెల్‌బామ్ బూట్లు

దైవశాస్త్ర విద్యార్థులు తప్పక ఆగి చదవవలసిన ఘట్టం ఒకటి రెండవ సంపుటిలో ఉంది. వ్లాడెక్ మిత్రుడు మండెల్‌బామ్‌కు శిబిరంలో సరిపడని బూట్లు, నడుముకు నిలవని ప్యాంటు ఇచ్చారు. ప్యాంటు జారకుండా ఒక చేత్తో పట్టుకోవాలి. అందువల్ల గిన్నెడు సూపు కూడా సరిగా పట్టుకోలేడు. ఒక తాడు, సరిపోయే బూటు దొరికేలా చేయమని అతడు దేవునికి మొరపెట్టుకొంటాడు. ఈ సంగతి చెబుతూ వ్లాడెక్, దేవుడు ఆ చోటికి రాలేదు అంటాడు. కొంతకాలానికి వ్లాడెక్ ఒక అధికారికి ఇంగ్లీషు నేర్పి, ఆ దయతో మిత్రునికి బెల్టు, చెంచా, బూట్లు సంపాదించి ఇచ్చాడు. మండెల్‌బామ్ ఏడ్చి, దేవుడే నీ ద్వారా వీటిని పంపాడన్నాడు. కొన్నాళ్లకే జర్మన్లు అతనిని పనికి తీసుకుపోయారు. అతడు తిరిగి రాలేదు.

బూట్లు వచ్చిన పుట దగ్గర ఆపితే ఇది మన సాక్ష్య కూటాలలో వినిపించే సాక్ష్యం. తరువాతి పుటతో కలిపి చదివితే విలాపవాక్యముల గ్రంథం. రెండు పుటలనూ గ్రంథకర్త పక్కపక్కనే ఉంచాడు. మండెల్‌బామ్ కృతజ్ఞతను ఆయన ఎగతాళి చేయలేదు. దేవుడు రాలేదన్న తండ్రి మాటను మెత్తబరచనూ లేదు.

పరిశుద్ధ గ్రంథం కూడా ఇలాగే చేస్తుంది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయంలో 34వ వచనం విశ్వాసం ద్వారా కత్తివాత తప్పించుకొన్నవారిని గూర్చి చెబుతుంది. 37వ వచనం అదే విశ్వాసంలో కత్తివాత చచ్చినవారిని గూర్చి చెబుతుంది. రెండు గుంపులకూ ఒకే సాక్ష్యం. లూకా 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిదిమందిని ఎక్కువ పాపులుగా ఎంచవద్దని ప్రభువు ఖండితంగా చెప్పాడు. చచ్చినవారు ఎక్కువ పాపులు కానట్లయితే, బ్రతికినవారు ఎక్కువ యోగ్యులు ఎలా అవుతారు? నవలలో ఈ మాట పావెల్ అనే మానసిక వైద్యుని నోట వస్తుంది. ఆయనా ఆష్‌విట్జ్ చూసినవాడే. బ్రతకడమే గెలుపైతే చచ్చినవారు ఓడినవారవుతారు, అది సత్యం కాదని ఆయన భావం. 1996లో ఆ తల్లి నన్ను అడిగినదీ ఇదే.

4. పేరు లేని యాజకుడు

అయితే కాపరి ఏమి చెప్పాలి? దీనికి గ్రంథంలోనే ఒక చిన్న జవాబు ఉంది. శిబిరంలో చేయి మీద 175113 అని పచ్చబొట్టు పొడిపించుకొని ఏడుస్తున్న వ్లాడెక్ దగ్గరకు ఒక పోలండ్ యాజకుడు వస్తాడు. అతడూ ఖైదీయే. యూదులు శుభమని ఎంచే 17తో ఈ సంఖ్య మొదలయిందని, యూదుల బాలుడు ధర్మశాస్త్ర బాధ్యత వహించే వయసైన 13తో ముగిసిందని, అంకెలన్నీ కూడితే వచ్చే 18 హెబ్రీ భాషలో జీవమనే మాటకు సంఖ్య అని వివరిస్తాడు. తాను బ్రతుకుతానో లేదో తెలియదు గాని వ్లాడెక్ మాత్రం బయటపడతాడని ధైర్యం చెబుతాడు. వ్లాడెక్ ఆయనను మళ్లీ చూడలేదు.

వ్యాఖ్యాన శాస్త్రం ప్రకారం ఇది బలమైన వివరణ కాదని విద్యార్థులు అనవచ్చు. అంకెలు కూడి జీవితాన్ని చెప్పడం నేనూ బోధించను. అయినా ఆ యాజకుడు ఎక్కడ నిలబడి మాట్లాడాడో గమనించండి. ఆయన ఒడ్డున నిలబడి నీళ్లలో ఉన్నవానితో మాట్లాడలేదు. తన చేతి మీదా అంకె ఉంది. చంపడానికి వేసిన అంకెను, పరమతస్థుడైన సోదరుని భాషలోనే, అతని లేఖన సంప్రదాయంలోనే జీవపు లెక్కగా చదివాడు. తన బ్రతుకును గూర్చి మాత్రం ఏ వాగ్దానమూ చేసుకోలేదు. నేను ఆ ఆదివారం బ్రతికినవారి పక్షాన నిలబడి మాట్లాడాను. ఆయన చావు నీడలో ఉన్నవాని పక్కన నిలబడి మాట్లాడాడు. తేడా అంతా అక్కడ ఉంది.

5. కొన్ని అభ్యంతరాలు

ఈ గ్రంథంలో లోపాలు లేవని అనను. ఒక జాతినంతటినీ ఒక జంతువుగా గీయడం, ముఖ్యంగా పోలండ్ వారిని పందులుగా చూపడం, అనేకులను నొప్పించింది. తమవారిని దాచి కాపాడిన పోలండ్ వారినీ ఆ ముఖంతోనే గీశాడు. ఈ ఉపమానం చాలదని గ్రంథకర్తకే తెలుసు. అందుకే రెండవ సంపుటిలో తనను తాను ఎలుక ముసుగు తగిలించుకొన్న మనిషిగా గీసుకొన్నాడు.

ఇంతకంటే నన్ను బాధించినది వేరొకటి. ఇద్దరి ప్రేమకథను ఒక్కరే చెబుతున్నారు. ఆన్యా వ్రాసుకొన్న దినచర్య పుస్తకాలను, ఆమె మరణానంతరం వ్లాడెక్ కాల్చివేశాడు. ఆ సంగతి తెలిసినప్పుడు కుమారుడు తండ్రిని హంతకుడని అంటాడు. అయితే ఆ కుమారుడూ నిర్దోషి కాడు. పెళ్లికి ముందు వేరొక స్త్రీతో తనకున్న స్నేహాన్ని పుస్తకంలో వ్రాయవద్దని తండ్రి కోరితే సరేనని మాట ఇచ్చి, ఆ సంభాషణతో సహా గీశాడు. విశ్వాసులు ఏకాంతంలో చెప్పిన సంగతులను పేరు మార్చి ప్రసంగంలో వాడుకొనే మనం, ఆ పుట చదివి మన మనస్సాక్షిని పరీక్షించుకోవాలి.

2022 జనవరిలో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో మెక్‌మిన్ కౌంటీ పాఠశాలల బోర్డు, కొన్ని తిట్టుమాటలు, ఒక నగ్న చిత్రం కారణంగా ఈ పుస్తకాన్ని పాఠ్యాంశం నుండి తొలగించింది. చిన్నపిల్లల చేతికి ఇవ్వమని నేనూ చెప్పను. అయితే కాపరులకు, దైవశాస్త్ర విద్యార్థులకు ఆ మినహాయింపు లేదు.

ముగింపు

చివరి పుటలో, యుద్ధం తరువాత ఆన్యాను తిరిగి కలుసుకొన్న సంగతి చెప్పి, అప్పటినుండి ఇద్దరం సంతోషంగా జీవించామని వ్లాడెక్ ముగిస్తాడు. అలసిపోయి, ఎదుట కూర్చున్న కుమారుని చనిపోయిన రిషూ పేరుతో పిలుస్తాడు. దాని క్రిందనే దంపతుల సమాధి రాయి: వ్లాడెక్ 1982లో మరణించాడు. ఆన్యా 1968లోనే. ఆమె ఆత్మహత్య చేసుకొన్నదని పాఠకునికి అప్పటికే తెలుసు. తండ్రి ఇచ్చిన విజయ సాక్ష్యం అబద్ధమని గ్రంథకర్త అనలేదు. సమాధి రాయిని దాని పక్కన ఉంచాడు, అంతే.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం సజీవుల లెక్కలో ఉన్నందుకు స్తుతులు చెల్లిస్తాము. చెల్లించవలసినదే. అయితే మా సంఘంలో కొన్నేళ్లుగా, సాక్ష్యాలు మొదలుపెట్టక ముందు, ఆ సంవత్సరం మన మధ్యనుండి వెళ్లిపోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదివి మౌనంగా నిలబడుతున్నాము. ఆ పేర్లు విన్న తరువాత లేచి సాక్ష్యం చెప్పేవారి మాట తీరు మారుతుంది. నన్ను ఎందుకు బ్రతికించాడో నాకు తెలుసు అనేవారు తగ్గారు. దేవుని యెదుట వారూ మనమూ ఒకే లెక్కలో ఉన్నామని ప్రభువే లూకా 20వ అధ్యాయంలో సద్దూకయ్యులకు బోధించాడు. ఆ తల్లికి నేను ఆనాడు చెప్పవలసిన జవాబు అదే. చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.