తోస్తే స్టార్టయ్యే బండి

కృష్ణా డెల్టాలో వాలు దొరకడం కష్టం. గుడివాడ నుంచి గుడ్లవల్లేరు, కవుతరం, పెడన మీదుగా బందరు చేరేదాకా ఎక్కడ బిందెడు నీళ్లు ఒలకబోసినా అవి ఎటు పారాలో వాటికే తెలియదు. అందుకే ఈ కాలమ్ రాసేవాడి బావగారు రాత్రిపూట తన బండిని ఇంటి ముందు పెట్టరు. కాస్త అవతల, కాలవ వంతెన దిగే ఏటవాలు మీద నిలిపి, చక్రం కింద రాయి పెట్టి వస్తారు. తెల్లవారుజామున బ్యాటరీ మొరాయిస్తే రాయి తీయడం, బండి కదలగానే రెండో గేరులో క్లచ్ వదలడం. ఒక్క కుదుపు, గుప్పెడు నల్లపొగ, ఆ తర్వాత వీధి వీధంతా లేచే చప్పుడు.

బండి టాటా 407. 1994 మోడలు, ఏపీ 16 నంబరు. అసలు రంగేమిటో దాని తలుపు లోపలి అంచు చూస్తే తప్ప తెలియదు.

పాత బండంటే పెళ్లిళ్లకీ ఫొటోలకీ తుడిచి బయటికి తీసేదని పట్నాల్లో ఒక లెక్క ఉంది. ఈ బండికి అలాంటి భోగం లేదు. తెల్లారేలోగా వలలు, ఐసు వేసుకుని ముదినేపల్లి వైపు చెరువు గట్ల మీదికి పోవాలి. పట్టుబడి అయ్యాక శీలావతి, బొచ్చె ట్రేలు ప్యాకింగ్ షెడ్డుకి చేర్చాలి. మధ్యాహ్నం తవుడు బస్తాలు. ఇక్కడి చెరువుల్లో తవుడు చల్లడం కన్నా సంచులకు చిల్లులు పెట్టి, నీళ్లలో పాతిన కర్రలకు కట్టడం ఎక్కువ. చేపలొచ్చి పొడుచుకు తింటాయి. ఆ సంచులు రోజూ నింపాలి గనక తవుడు మోసే బండికి ఆదివారం లేదు. పెళ్లిళ్ల రోజుల్లో వంటపాత్రలు అదనం.

"ఇంకా ఎన్నాళ్లు లాగుతావు బావా దీన్ని?" అని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేశారు. "మీ ఇంట్లో రుబ్బురోలు ఎన్నాళ్లు వాడారు?"

ఈ బండి వెనక ఒక పెద్ద పోటీ కథ ఉంది. 1980ల నడుమ మన దేశంలోకి ఒకేసారి నాలుగు జపాన్ కంపెనీలు చిన్న లారీలతో దిగాయి. డీసీఎంతో టొయోటా, ఐషర్‌తో మిత్సుబిషి, స్వరాజ్‌తో మాజ్దా, మన హైదరాబాద్ ఆల్విన్‌తో నిస్సాన్ జత కట్టాయి. ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్, జహీరాబాద్‌లో నిస్సాన్ క్యాబ్‌స్టార్ లారీలు కూడా తయారుచేసిందన్న సంగతి ఇప్పటి కుర్రాళ్లకు చెబితే నమ్మరు. ఆ నలుగురికీ జవాబుగా టాటావాళ్లు 1986లో 407ని వదిలారు. జపాన్ బండ్లు సుతారంగా ఉండేవి, డ్రైవరుకి సుఖంగా ఉండేవి. అయితే యెన్ విలువ పెరిగేకొద్దీ అక్కడి నుంచి రావాల్సిన సామాను ధర కూడా పెరిగింది. 407 సామాను ఇక్కడిదే. ధర తక్కువ, మోత ఎక్కువ. ఆ దశాబ్దం ముగిసేసరికి ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్లింది. జహీరాబాద్ ఫ్యాక్టరీలో ఇవాళ తయారయ్యేవి మహీంద్రా బండ్లే.

మెకానిక్కులు ఈ ఇంజిన్ని "497" అంటారు. నాలుగు సిలిండర్లు, ఒక్కో బోరు 97 మిల్లీమీటర్లు, అదే పేరు. పిస్టన్ నడక 100 మిల్లీమీటర్లు. లెక్క వేసుకుంటే 2,956 సీసీ వస్తుంది. పేరులోనే కొలత ఉన్న యంత్రం కాబట్టి షెడ్డులో పిల్లాడికి కూడా ఏ సైజు రింగులు అడగాలో తెలుసు. ఇందులో కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. ఒకసారి ఇంజిన్ తిరగడం మొదలెడితే బ్యాటరీ తీసి పక్కన పెట్టినా ఆగదు, ఎందుకంటే డీజిల్ పంపుని తిప్పేది ఇంజినే.

కంప్యూటర్ లేకపోవడం ఎంత మేలో ఈ కాలమ్ రాసేవాడికి పుస్తకంలో కాదు, చల్లపల్లి దాటాక వానలో తెలిసింది. దివిసీమ నుంచి తిరిగొస్తున్నారు. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బావగారు సీటు కింద నుంచి ఒక రెంచీ, ఒక గుడ్డపేలిక తీశారు. "గాలి పట్టింది" అన్నారు, పిల్లాడికి జలుబు చేసిందన్నంత మామూలుగా. డీజిల్ ఫిల్టరు మీద బోల్టు వదులు చేసి, పంపు పక్కనున్న బొడిపెను బొటనవేలితో నొక్కుతూ నిలబడ్డారు. ముందు నురగ, తర్వాత బుడగలు, ఆ తర్వాత నిఖార్సైన డీజిల్. బోల్టు బిగించారు. గొడుగు పట్టడం తప్ప బామ్మర్ది చేసిన సాయం ఏమీ లేదు. ఇరవై నిమిషాల్లో బండి రోడ్డెక్కింది. వాళ్లని దాటుకుంటూ పోయిన కొత్త పికప్పు ఒకటి అలాగే ఆగి ఉంటే? 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లలో అలాంటి జబ్బుకి ఒక్కోసారి ల్యాప్‌టాప్ పట్టుకుని మనిషి రావాలి. పొగ తక్కువ, మైలేజీ నయం, క్యాబిన్‌లో ఏసీ కూడా ఉంటుంది. కానీ రాత్రి తొమ్మిదింటికి మోపిదేవి దగ్గర ఆ ల్యాప్‌టాప్ మనిషి దొరకడు, ట్రేల్లో ఐసు ఆయన కోసం ఆగదు.

ఇలా రాస్తే పాత బండి చెడదని చెప్పినట్టవుతుంది. చెడుతుంది, నెలకోసారైనా చెడుతుంది. కాకపోతే చెప్పి చెడుతుంది. క్లచ్ పోయేముందు వారం రోజులు వాసన వేస్తుంది, బేరింగు పోయేముందు పాట పాడుతుంది, కమాన్ కట్టల్లో ఒక పట్టీ విరిగితే బండి ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. బావగారికి రేడియో పెట్టే అలవాటు లేదు. ఆ చెవి ఎప్పుడూ ఇంజిన్ మీదే.

అన్నిటికన్నా పెద్ద శత్రువు వయసు కాదు, ఉప్పు. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల లోడంటే బావగారు ముందు మొహం చిట్లిస్తారు, తర్వాత కిరాయి చెబుతారు. అక్కడి చెరువుల్లోది ఉప్పునీరు. ట్రేల నుంచి కారే ఐసునీళ్లు బాడీ చెక్కల సందుల్లోంచి ఛాసిస్ మీద పడతాయి. గిలకలదిండి హార్బరు లోడు కూడా అంతే. తిరుగుదారిలో మంచినీటి కాలవ కనబడగానే బకెట్టు దిగాలి. ముందు కమాన్ కట్టల మధ్య కడగాలి, తర్వాత బ్రేకు గొట్టాల మీద, ఆఖరున తలుపుల కింది అంచులు. బురదగా ఉంది కదా అని నల్లరేగడి మట్టిని అలాగే ఎండనిస్తే అది ఉప్పుని పట్టుకుని కూర్చుంటుంది, లోపల ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. ఏడాదికోసారి వాడేసిన ఇంజిన్ ఆయిల్ కుంచెతో ఛాసిస్‌కి పూస్తారు. తుప్పుకి అది మంచి మందే. ఆ నూనె చుక్కలు మళ్లీ కాలవల్లోకే పోతాయన్నది ఈ కాలమ్ రాసేవాడి అభ్యంతరం. దాని మీద బావాబామ్మర్దుల మధ్య రాజీ ఇంకా కుదరలేదు.

ఒకసారి అలా కడగడం మానేసిన ఫలితం కూడా చూశారు. పామర్రు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు నేలకి అంటుకుంది. వెనక చక్రానికి పోయే గొట్టం తుప్పుకి చిల్లుపడి ఆయిలంతా కారిపోయింది. గేర్లు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇసుక కుప్ప పక్కన ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు గొట్టాలన్నీ మార్చారు, బూస్టరు విప్పించారు. పాత బండి నమ్మకమైనదే అన్న మాట ఇంజిన్ వరకు నిజం. బ్రేకుల దగ్గర అది వట్టి భ్రమ. ఎయిర్‌బ్యాగులు లేని, గుద్దుకుంటే ముందు మోకాళ్లే తగిలే ఈ క్యాబిన్లో రాత్రి ప్రయాణం చేసేవాడు నెమ్మదిగా పోవాల్సిందే.

పాత బండిని రోజూ నడపడంలో ఈ సీమకి ఒక ఘనమైన ఉదాహరణ ఉంది. 1982 మార్చిలో తెలుగుదేశం పెట్టాక ఎన్.టి. రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం కొత్త బండి కాదు, మార్పులు చేసిన పాత షెవర్లే వ్యాను. నిమ్మకూరులో పుట్టిన ఆయన కుమారుడు హరికృష్ణే దాని డ్రైవరు. 1983 జనవరి ఎన్నికల దాకా ఊరూరా ఆగుతూ, పైకెక్కి మాట్లాడేందుకు వేదికగా, పడుకునేందుకు పడకగదిగా ఆ వ్యాను నడిచింది. ఆ ఎన్నికల్లో రామారావు గుడివాడ నుంచి కూడా గెలిచారు. చరిత్రకారులు ఉపన్యాసాల గురించి రాశారు. ఆ వ్యానుకి రాత్రిళ్లు గ్రీజు కొట్టిన చేతుల గురించి కూడా ఎవరైనా రాసి ఉంటే బాగుండేది.

ఇక కాగితాల సంగతి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన పెద్ద లారీలు, బస్సులకు 1,500 రూపాయలుండే ఆ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 12,500కి పెంచారు. చిన్న బండ్లకు అంత కాకపోయినా వాత గట్టిదే. పాత బండ్లను రోడ్డు మీంచి తప్పించాలన్నది ప్రభుత్వం ఉద్దేశం, దాన్ని పూర్తిగా తప్పనలేం. పొగ నిజం, బ్రేకుల సంగతి పైన చెప్పుకున్నదే. కానీ కొత్త పికప్పుకి నెలనెలా కట్టే వాయిదా, చేప ధర పడిపోయిన నెలలో ఆగదు. 407కి వాయిదాలు ఎప్పుడో అయిపోయాయి. బావగారి లెక్కలో మిగిలిన అంకెలన్నీ దాని తర్వాతే.

ఈ ఏడాది ఫిట్‌నెస్ గడువు దగ్గర పడింది. బ్రేకు లైనింగులు మార్చారు, ఇండికేటర్ బల్బులు వేశారు. ఎడమ తలుపు మాత్రం కింద అరచేయి పట్టేంత తినేసింది. ఇంజిన్ సామాను విజయవాడ ఆటోనగర్‌లో అడిగిందే తడవుగా దొరుకుతుంది. పాతరకం క్యాబిన్ తలుపు తుప్పు పట్టనిది రెండు నెలలుగా వెతికినా దొరకలేదు. మీ షెడ్డు వెనక పాత 407 ఏదైనా పడి ఉండి, దాని ఎడమ తలుపు ఇంకా బాగుంటే, తుక్కు కింద అమ్మేయకండి. గుడివాడకి ఒక కబురు పెట్టండి.