మూకీల నాటి ఆర్గన్ కవి: జెస్సీ క్రాఫర్డ్

మూకీ చిత్రాలు నిజానికి మౌనంగా ప్రదర్శితమైన సందర్భాలు అరుదు. మన దేశంలో తెర పక్కన హార్మోనియం, తబలా వాయించేవారు కూర్చున్నట్లే అమెరికాలో పియానో, వాద్యబృందం, వాటి తరువాత పైపుల ఆర్గన్ ఆ లోటును తీర్చాయి. ఈ మూడవ వాద్యం మీద ఒక తరాన్ని మెప్పించిన కళాకారుడు జెస్సీ క్రాఫర్డ్. ప్రచారకర్తలు ఆయనను ‘ఆర్గన్ కవి’ అన్నారు. ఆ బిరుదు ఎంతవరకు సార్థకమన్నది విచారింపదగిన విషయం.

వాద్యాన్ని తెలియనిదే వాదకుణ్ణి అంచనా కట్టలేము. చర్చి ఆర్గన్‌ను సినిమాహాలుకు తగినట్లు మలచినవాడు రాబర్ట్ హోప్-జోన్స్ అనే ఆంగ్లేయుడు. టెలిఫోన్ రంగంలో పనిచేసిన ఇంజనీరు. మీటలకు, పైపులకు నడుమ విద్యుత్తీగలు వేసి, ఒకే పైపుల వరుసను వేర్వేరు స్థాయులలో పలికించే ఏర్పాటును ఆయన విస్తృతంగా వాడుకలోకి తెచ్చాడు. 1910లో వుర్లిట్జర్ సంస్థలో చేరాడు, 1914లో మరణించాడు. డోళ్లు, తాళాలు, గంటలు, గుర్రపు డెక్కల చప్పుడు సైతం ఒక్క మనిషి వేళ్ల కిందికి వచ్చాయి. వాద్యబృందానికి ఇచ్చే జీతాలు మిగులుతాయని యజమానులు సంతోషించారు. కళకు పునాదిగా పొదుపు ఉండడం అంత గౌరవప్రదంగా తోచకపోవచ్చు గాని జరిగింది అదే.

క్రాఫర్డ్ 1895లో కాలిఫోర్నియాలోని వుడ్‌లాండ్‌లో జన్మించాడు. బాల్యం అనాథాశ్రమంలో గడిచింది. సంగీతం చాలావరకు స్వయంకృషితో అబ్బినదే. పశ్చిమ తీరపు సినిమాహాళ్లలో చేయి తిరిగిన తరువాత 1921లో షికాగో చేరాడు. అక్కడ తోటి ఆర్గనిస్టు హెలెన్ ఆండర్సన్‌ను వివాహమాడాడు. 1926 నవంబరులో న్యూయార్క్ పారమౌంట్ థియేటర్ ప్రారంభమైనపుడు 36 వరుసల పైపులు గల వుర్లిట్జర్ ఆయన కోసం సిద్ధంగా ఉంది. దంపతులిద్దరూ జంట పీఠాల మీద కూర్చుని ఒకే వాద్యాన్ని పలికించడం నగరానికి వేడుక అయింది. హెలెన్ చేతిలో లయప్రధానమైన జాజ్ చురుకు ఉండేది; కేవలం ఆయన నీడగా ఆమెను లెక్కగట్టడం అన్యాయం.

క్రాఫర్డ్ ప్రతిభ విలంబగతిలో సాగే ప్రేమగీతాలలో కనిపిస్తుంది. ఆర్గన్ మీట స్వభావరీత్యా మొండిది. నొక్కితే పలుకుతుంది, వదిలితే ఆగుతుంది. వీణ తీగవలె లాగడానికి గాని, వేణువు రంధ్రంపై వేలు జార్చడానికి గాని వీలులేదు. అటువంటి మీటల మీద ఆయన పక్క స్వరాలను ఒరుసుకుంటూ వేళ్లు జార్చి గాయకుని గొంతులోని జారును స్ఫురింపజేశాడు. పైపుల గదుల తలుపుపలకలను పాదంతో తెరుస్తూ మూస్తూ ధ్వనికి ఉచ్ఛ్వాస నిశ్శ్వాసాలు కల్పించాడు. తోటివారు వాద్యపు ఘోషను చూపి చప్పట్లు పొందుతుంటే ఆయన దాని గుసగుసను వినిపించాడు. విక్టర్ రికార్డులు ఆ గుసగుసను థియేటర్ చూడని ఇళ్లకు సైతం చేర్చాయి.

లోపాలు లేకపోలేదు. మాధుర్యం కొన్నిచోట్ల మొగం మొత్తుతుంది. వరుసగా నాలుగు రికార్డులు వింటే అయిదవదాని ముగింపు ముందే ఊహకు అందుతుంది. దృశ్యాన్ని అనుసరిస్తూ అప్పటికప్పుడు సంగీతం అల్లే విద్యకన్నా, చిత్రాల నడుమ వాయించే స్వతంత్ర గీతానికే ఆయన పేరొందాడు. పక్కవాద్యధర్మం దృష్ట్యా ఇది కొరతే. విచిత్రమేమంటే ఆ కొరతే ఆయనను కొంతకాలం కాపాడింది. 1927 అక్టోబరులో ‘ది జాజ్ సింగర్’ విడుదలైన తరువాత కొన్ని ఏళ్లలోనే తెరకు తోడుగా వాయించేవారు వేల సంఖ్యలో ఉపాధి కోల్పోయారు. ప్రత్యేకాకర్షణగా నిలిచిన క్రాఫర్డ్ మాత్రం 1933 వరకు పారమౌంట్‌లో కొనసాగాడు. ఆర్థిక మాంద్యంలో ఆ ఏడే మాతృసంస్థ దివాలా తీసింది.

తరువాతి మూడు దశాబ్దాలను పతనమని కొట్టివేయడం తొందరపాటు. పేరుప్రఖ్యాతులు వచ్చిన పిమ్మట ఆయన జోసెఫ్ షిలింగర్ వద్ద స్వరరచనాశాస్త్రానికి శిష్యుడయ్యాడు. పైపులు లేని హేమండ్ ఎలక్ట్రిక్ ఆర్గన్‌ను చిన్నచూపు చూడక దాని స్వభావాన్ని అభ్యసించాడు. మన ఆకాశవాణి 1940లో హార్మోనియంను బహిష్కరించి మూడు దశాబ్దాలు దూరం పెట్టిన వైనం తెలిసిన పాఠకులకు, వాద్యపు కులాన్ని లెక్కచేయని ఈ వైఖరి విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆయన 1962లో కన్నుమూశాడు. పారమౌంట్ ప్రేక్షకశాల ఆ దశాబ్దంలోనే మూతపడి రూపుమాసింది. దాని వుర్లిట్జర్ మాత్రం కాన్సస్ రాష్ట్రంలోని విచిటా నగరపు సభామందిరానికి తరలి, 1972లో అక్కడ తిరిగి పలికింది.