ఇంటి చదువులో చరిత్ర: పుస్తకం ఎంపికపై ఒక విమర్శ

ప్రాథమిక స్థాయి పిల్లలకు చరిత్ర పుస్తకం కొనేటప్పుడు మనం సాధారణంగా ధర, బొమ్మలు, భాష చూస్తాం. వీటికంటే ముందు ఆ పుస్తకం పిల్లల సొంత ఊరి గురించి ఏం చెబుతుందో, దాన్ని ఎలా చెబుతుందో చూడాలి. ఉదాహరణకు బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్న ఒక పాతబస్తీ కుటుంబాన్ని ఊహించుకోండి. శాలిబండలో ఇల్లు, ఎనిమిదేళ్ల పిల్ల. ఇంట్లో అక్షరాలు దిద్దించడం అక్కడ కొత్త కాదు. బిస్మిల్లా వేడుక, అక్షరాభ్యాసం రెండూ ఆ గల్లీలకు తెలిసినవే. పాఠ్యక్రమాన్ని కూడా తల్లిదండ్రులే ఎంచుకోవలసి రావడం మాత్రం కొత్త.

మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో 3 నుంచి 5వ తరగతి వరకు చరిత్ర విడిగా ఉండదు, పరిసరాల విజ్ఞానంలో కలిసి ఉంటుంది. అది చాలదనుకున్న తల్లిదండ్రులు విదేశీ పుస్తకాల వైపు చూస్తారు. ఇంటి చదువుల్లో బాగా ప్రచారంలో ఉన్నది సుసాన్ వైజ్ బావర్ రాసిన 'ది స్టోరీ ఆఫ్ ది వరల్డ్', నాలుగు సంపుటాలు. కథలా సాగుతుంది, పైకి చదివి వినిపించడానికి హాయిగా ఉంటుంది. ఆ గుణం మన పుస్తకాల్లో అరుదని ఒప్పుకోవాలి. కాని ఏడాదికొక సంపుటం చొప్పున చదివితే 16వ శతాబ్దం చివరికి చేరేసరికి రెండేళ్లు గడుస్తాయి. రోజూ చార్మినార్ కింద నుంచి నడిచే పిల్ల అన్నాళ్లు ఆగాలా? నెహ్రూ 1928లో పదేళ్ల కూతురికి ప్రపంచ చరిత్రను ఉత్తరాలుగా రాసినప్పుడు కూడా ఒక గులకరాయిని చూడమన్నాడు. చెప్పదలచినది ఎంత పెద్దదైనా చేతికందే వస్తువును వదల్లేదు.

అయితే దగ్గరి వస్తువుతో మొదలుపెట్టినంత మాత్రాన పుస్తకం మంచిదైపోదు. చార్మినార్ గురించి పిల్లల పుస్తకాలు చెప్పేదాన్ని పరిశీలించండి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు, ప్లేగు తగ్గినందుకు కట్టించాడు, భాగమతి మీద ప్రేమతో ఊరికి భాగ్యనగరమని పేరు పెట్టాడు. ఈ మూడూ ఒకే గొంతుతో, ఒకే క్రియాపదంతో వస్తాయి. మొదటిది స్థిరపడిన విషయం. రెండోది జనశ్రుతి, హిజ్రీ సహస్రాబ్ది సందర్భంగా కట్టించాడనే అభిప్రాయం కూడా ఉంది. మూడోదాన్ని చరిత్రకారుడు హెచ్.కె. షేర్వానీ కట్టుకథగా తోసిపుచ్చాడు, ఇతరులు ఆయనతో విభేదించారు. కథను తీసేయమని అనడం లేదు, అది లేకపోతే పిల్లలు పుస్తకం మూసేస్తారు. తెలుగులో ఇందుకు చక్కటి సాధనం ఉంది. 'కట్టించాడు', 'కట్టించాడట'. ఆ ఒక్క 'ట'తో విన్నమాటకూ రుజువున్న మాటకూ తేడా తెలుస్తుంది. అమ్మమ్మ కథల్లో ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని ఎప్పుడో పట్టుకుంది. పాఠ్యపుస్తకాలే దాన్ని పోగొట్టుకున్నాయి.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను చెప్పడం ఇంత కష్టం కాదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. చెట్టు చూపించి, విశ్వేశ్వరయ్య సలహా మీదుగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దాకా తీసుకుపోతే కారణం, ఫలితం అంటే ఏమిటో పాఠం చెప్పకుండానే అర్థమవుతుంది.

అసలు పరీక్ష 1948. ఆ ఏడు సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ రోజుకు విమోచన, విలీనం, పోలీసు చర్య అని రకరకాల పేర్లు. 2022లో కేంద్రం విమోచన దినంగా, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రం ప్రజా పాలన దినోత్సవమంది. పుస్తకం వీటిలో ఒకదాన్ని ఎంచుకుని మిగతావి లేనట్లు నటిస్తే, ఆ పిల్ల ఇంట్లో దాదీ జ్ఞాపకమో, పక్కింటి తాతయ్య జ్ఞాపకమో అబద్ధమైపోతుంది. రెండు మతాల పోరుగా చెప్పే పుస్తకం మరీ అధ్వానం. భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్ల చేతిలో హతుడైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను, నిజాం పాలనపై పోరాడిన మఖ్దూం మొహియుద్దీన్‌ను అది ఎక్కడ పెడుతుంది? సైనిక చర్య తర్వాత జరిగిన ముస్లింల హత్యలపై భారత ప్రభుత్వానికి సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. అందులోని వివరాలు ఎనిమిదేళ్ల పిల్లకు అక్కర్లేదు. కాని పదమూడేళ్లకు ఆమె వాటిని చదివినప్పుడు, చిన్నప్పటి పుస్తకం తనను మోసం చేసిందని అనుకోకూడదు. 'ఆ రోజు కొందరు సంతోషించారు, కొందరు భయపడ్డారు, ఇద్దరికీ కారణాలున్నాయి' అని రాయగలిగిన పుస్తకాన్నే ఎంచుకోమంటాను. అలాంటిది దొరక్కపోతే ఉన్న పుస్తకంలో ఆ పుట పక్కన తల్లిదండ్రులు తమ చేత్తో ఆ వాక్యం రాయవచ్చు.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న ఏదైనా పిల్లల పుస్తకంలో హైదరాబాదు గురించిన ఒక పుట తీసుకోండి. 'ట' చేర్చవలసిన వాక్యాల కింద గీత గీయండి. ఒక్కొక్కదానికీ కారణం రెండు వాక్యాల్లో రాయండి.