బొమ్మ మనది, గొంతు ఎవరిది?

పోయిన వార్షికోత్సవానికి మా తరగతి వాళ్లం నలుగురం కలిసి ఏడు నిమిషాల సినిమా తీశాం. పేరు ‘సంత’. మా నాన్న సెల్‌ఫోను, ఒక పాత కంప్యూటరు, ఆటో చార్జీలు – మా బడ్జెట్ అంతే. చూసిన వాళ్లందరూ చప్పట్లు కొట్టారు. అందులో చింతపండు అమ్మే ముసలమ్మగా వేసింది మా అమ్మమ్మే. ఆవిడ మాత్రం ఇంటికొచ్చాక ఒకే మాట అడిగింది: “బొమ్మ నాదే, మరి ఆ నోరెవలిదే?”

జరిగింది ఏమిటంటే, టికిరి సంతలో తీసినప్పుడు గాలి హోరు, లారీల హారన్లు తప్ప అమ్మమ్మ మాట ఒక్కటీ సరిగ్గా వినపడలేదు. అందుకని ఆ శబ్దమంతా తీసేసి, స్నేహితురాలి అక్కతో డబ్బింగ్ చెప్పించాం. “ఏటి బావూ, అంతకి గిట్టదు” అని అమ్మమ్మ అన్నచోట, “లేదు బాబూ, ఆ ధరకు నాకు నష్టం వస్తుంది” అని టీవీ సీరియల్ భాష వచ్చింది. అప్పుడు మాకు అదే బాగుందనిపించింది. అమ్మమ్మ అడిగాక బాగోలేదని తెలిసింది.

ఆ తర్వాత తక్కువ ఖర్చు సినిమాల గురించి మూడు తెలుగు సినిమాలు చూసి ఆలోచించాను. నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది 2011లో వచ్చిన రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’. పెళ్లిళ్లలో ఫోటోలు తీసే కెనన్ 5డి లాంటి కెమెరాలతో, ఏడుగురు సాంకేతిక సిబ్బందితో, ఐదు రోజుల్లో తీశారు. పెద్ద కెమెరాలు, క్రేన్లు, లారీల కొద్దీ లైట్లు లేకపోయినా థియేటర్లో ఆడే సినిమా తీయొచ్చని అది చూపించింది. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవాలి. కానీ చూసి రెండు వారాలైనా కాలేదు, నాకు కథ గుర్తు లేదు. ఐదు రోజులు, ఏడుగురు అన్న లెక్కే గుర్తుంది. పైగా రవితేజ, ఛార్మి లాంటి పేరున్న నటులు అందులో ఉన్నారు. మనలాంటి వాళ్లకి కెమెరా దొరికినా రవితేజ దొరకడు కదా!

రెండోది ‘సినిమా బండి’. ప్రవీణ్ కండ్రేగుల దర్శకుడు. 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఆటో నడిపే వీరబాబుకి తన బండిలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరుకుతుంది. దాంతో ఊరి వాళ్లు సినిమా మొదలుపెడతారు. ఇది చూసి మేం పడీ పడీ నవ్వాం, ఎందుకంటే ఆ పాట్లన్నీ మేమూ పడ్డాం. అయితే నాకు ఒక లోటు కనిపించింది. షూటింగ్ కష్టాలు చూపినంతగా, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని పడే కష్టాలు చూపలేదు. మాకు షూటింగ్ రెండు రోజులు పట్టింది, ఎడిటింగ్ మూడు వారాలు పట్టింది.

మూడోది ‘కేరాఫ్ కంచరపాలెం’. 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. వెంకటేష్ మహాకి ఇది మొదటి సినిమా. అమెరికాలో డాక్టరుగా ఉన్న పరుచూరి విజయ ప్రవీణ డబ్బు పెట్టారు, సలీమా పాత్ర కూడా వేశారు. ఎనభై మందికి పైగా కంచరపాలెం వాళ్లే నటించారు. షూటింగ్ జరుగుతున్నప్పుడే మాటలు రికార్డు చేశారు. దీన్ని సింక్ సౌండ్ అంటారు. అందుకే అందులో మనుషుల మాట వీధి చప్పుళ్లతో కలిసే వినిపిస్తుంది. కొన్నిచోట్ల నటన అప్పజెప్పినట్టుంది, మొదటి సగం కొంచెం నెమ్మదిగా నడుస్తుంది. అయినా ఈ మూడింటిలో ఇదే గొప్పదని నేను అంటాను. కారణం, ఎవరి మొహం కనిపిస్తుందో వాళ్ల గొంతే వినిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. అందులో రాధ ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. పెద్ద సినిమాల్లో వేరే రాష్ట్రం వాళ్లు తెలుగు మాట్లాడితే నవ్వించడానికే వాడతారు. ఇక్కడ రాధని చూసి ఎవరూ నవ్వరు. మన కొరాపుట్ ప్రాంతం 1936లో ఒడిశా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. మన ఇళ్లలో తెలుగులో ఒడియా మాటలు కలుస్తాయి. అలా మాట్లాడటం తప్పు అనుకునే, మేం అమ్మమ్మ గొంతు తీసేశాం. గాలి హోరు ఒక సాకు మాత్రమే.

ఇప్పుడు పరికరాల సంగతి. సినిమా రంగులు సరిదిద్దే డావిన్చీ యంత్రం ఒకప్పుడు లక్షల డాలర్ల ఖరీదు. ఆ కంపెనీని 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ కొంది. 2011 నుంచి ‘డావిన్చీ రిజాల్వ్’ ఉచిత వెర్షన్ ఇస్తోంది. కానీ అది మా 4 జీబీ కంప్యూటర్లో కదల్లేదు. షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. అందులో ప్రాక్సీ అనే పద్ధతి ఉంది. ముందు చిన్న సైజు నకళ్లతో ఎడిటింగ్ చేసుకుంటాం, చివర్లో అసలు వీడియోలతోనే సినిమా తయారవుతుంది. ఇంకో చిక్కు – సెల్‌ఫోను సెకనుకి ఎప్పుడూ ఒకే లెక్కన ఫ్రేములు తీయదు. అందుకని పోనుపోను పెదాలు ఒక దారి, మాట ఒక దారి అవుతాయి. హ్యాండ్‌బ్రేక్‌లో వేసి ఫ్రేముల లెక్క సమానం చేశాక అది కుదిరింది. గాలి చప్పుడు తగ్గించడానికి ఆడాసిటీ ఉంది. ఎక్కువ తగ్గిస్తే మాత్రం మనిషి నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది. బొమ్మ ఎంత చవకగా వచ్చినా, మంచి శబ్దం కావాలంటే మైకు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

రాబర్ట్ రోడ్రిగ్జ్ 1992లో ‘ఎల్ మరియాచీ’ సినిమాని సుమారు 7,000 డాలర్లతో తీశాడు. మాటల్లేకుండా షాటు తీసి, వెంటనే అక్కడే నటుల చేత అవే మాటలు మళ్లీ చెప్పించి రికార్డు చేసేవాడు. పెదాలు కలవనిచోట ఇంకో షాటు వేసేవాడు. ఆ సినిమాలో షాట్లు గబగబా మారడానికి అదొక కారణం.

మేమూ అలాగే చేశాం. సంతకి జనం రాకముందు, పొద్దున్నే అమ్మమ్మని అదే చోట కూర్చోబెట్టాం. రెండో ఫోనుకి పల్చటి గుడ్డ చుట్టి, ఆవిడ నోటికి జానెడు దూరంలో పట్టుకున్నాం. అమ్మమ్మ ఒకసారి అన్న మాట రెండోసారి అనదు! పెదాలు కలవనిచోట ఆవిడ చేతులు, తక్కెడ, చింతపండు బుట్ట చూపించాం. ఇప్పటికీ రెండుచోట్ల లారీ హారన్ వినిపిస్తుంది. అయినా “గిట్టదు” అన్న మాట స్పష్టంగా ఉంది. కొత్త ‘సంత’ చూశాక అమ్మమ్మ ఏమీ అడగలేదు. “ఇంకోపాలి ఎయ్యే” అంది.

తల్లిదండ్రులకి ఒక మనవి. సెలవుల్లో ఒక్క గంట మీ ఫోను మాకివ్వండి. మా ఇళ్లలో పెద్దవాళ్లు మాట్లాడేది మేం రికార్డు చేస్తాం. డబ్బింగ్ మాత్రం చెప్పించం.