త్రుప్పు క్రింది యినుము

అనంతపురము సీమలో సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియుననియు, అదియు వేళకు వచ్చునని నమ్మరాదనియు నందఱు నెఱిగినదే. ఈ యనావృష్టి మనుష్యునకు శత్రువైనను ఇనుమునకు మిత్రమని తలచువారు కొందఱు గలరు. గాలిలోని తేమ నూటికి అఱువది పాళ్లు దాటిననే త్రుప్పు వేగముగా పెరుగును గనుక ఆ తలంపులో కొంత సత్యము లేకపోలేదు. ఐనను గుంతకల్లులోనో తాడిపత్రిలోనో కొన్నేండ్లుగా మూతబడియున్న లేతు షాపు తలుపు తెఱచినచో, పనివస్తువును పట్టు చక్కుమీదను, పొడవైన పీఠమగు బెడ్డుమీదను ఎఱ్ఱని పొర కనబడక మానదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల వానలును, రేకుల కప్పునుండి జాఱు రాత్రి చెమ్మయు, పనివాని చేతి చెమటలోని యుప్పును అందుకు చాలును.

ఇట్టి యంత్రమును పాతసామాను వానికి తూకముచొప్పున నమ్మివేయుట నేడు పరిపాటియైనది. కాని వేరుసెనగ ఊడలు దిగు వేళ బోరుబావి మోటారు నిలిచిపోయిన రైతునకు, అరిగిన షాఫ్టును సరిచేసి, క్రొత్త బుష్షును కోసి యిచ్చువాడు దగ్గఱి పట్టణమున నున్నాడా లేడా యన్నదే ముఖ్యము; విడిభాగము నగరమునుండి వచ్చువఱకు పైరు వేచియుండదు. కాయలొలుచు యంత్రమునకును, నూనెమిల్లు ఎక్స్‌పెల్లరునకును ఇదే గతి. లేతులను తయారుచేసిన, హరిహరమున 1941లో నెలకొన్న మైసూరు కిర్లోస్కరు కర్మాగారమును, బెంగుళూరున 1953లో ప్రభుత్వము స్థాపించిన హిందుస్థాన్ మెషిన్ టూల్సును ఈ సీమకు దూరమైనవి కావు. హరిహరపు కర్మాగారము మూతబడినను, పోతయినుముతో బలముగా తీర్చిన అట్టి లేతుల కాయము సులభముగా చెడునది కాదు.

త్రుప్పును చూచి తొందరపడి గ్రైండరు పట్టుకొనువాడు యంత్రమునకు త్రుప్పుకన్న నెక్కువ కీడు చేయును. త్రుప్పు తానావరించిన మేరకే యినుమును తినును. గ్రైండరన్ననో మంచి చెడులు చూడక, బెడ్డు యొక్క సరళరేఖను సయితము హరించును. లేతు విలువ యంతయు ఆ సరళరేఖయందే కలదు. కావున నేర్పరియైన మేస్త్రీ మొదటి దినములలో ఏమియు గోకడు. ఇనుము త్రుప్పైనపుడు దాని పరిమాణము పలురెట్లు పెరుగుటచేతనే మరలు బిగిసిపోవును గనుక, ఆ సందులలోనికి కిరసనాయిలును పలుచని నూనెయు దిగుటకు వ్యవధి నిచ్చును. పిదప బ్లేడును వాలుగా నుంచి పైపొరను లేపును. ఇత్తడితీగల బ్రష్షుతో తోమును. క్రాస్ స్లయిడు పిడియొద్ద గీతలు చెక్కిన డయలును మాత్రము కిరసనాయిలులో ముంచిన గుడ్డతోను, వెదురు పుల్ల మొనతోను శుభ్రపఱచును. అచ్చట ఎమెరీ కాగితము తగిలెనా, ఆ గీతలతోపాటు కొలతయు పోవును.

చక్కు దవడలు, గేర్లు, పిడులు వంటి చిన్న వస్తువులకు విద్యుత్తు మార్గము మేలు. ప్లాస్టికు తొట్టిలో నాలుగు లీటర్ల నీటికి పెద్ద చెంచాడు చాకలి సోడా కలిపి, పండ్రెండు వోల్టుల ఛార్జరు యొక్క ఋణధ్రువమునకు వస్తువును, ధనధ్రువమునకు పనికిరాని యినుపరేకును తగిలించి రాత్రియంతయు నుంచినచో, త్రుప్పు నల్లని బురదయై వదలిపోవును. ఆమ్లమువలె ఇది మంచి యినుమును తినదు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకును వాడరాదు, అందలి క్రోమియము విషమై నీట కలియును. పైకి వచ్చు బుడగలలో హైడ్రోజను గలదు గనుక తొట్టి ప్రక్కన బీడీ వెలిగింపరాదని వేఱుగ చెప్పవలెనా? స్ప్రింగులనుగూడ అందు ముంచరాదు. హైడ్రోజను చొచ్చిన గట్టి యుక్కు పెళుసగును.

పాతలేతు కొనువారు తఱచుగా మఱచునది గేర్ల పెట్టె. అంగుళమునకు నాలుగు థ్రెడ్లుగల లీడు స్క్రూతో మిల్లీమీటరు థ్రెడ్లను కచ్చితముగా కోయవలెనన్న 127 పండ్ల గేరు కావలయును, అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లగుటచే దాని నైదింట హెచ్చవేయగా 127 వచ్చును, అది యవిభాజ్యసంఖ్య గనుక అంతకన్న చిన్న గేరుతో ఆ లెక్క సరిగా కుదురదు. పెట్టెలో ఆ యొక్క గేరు లేకున్న బేరము కొంత తగ్గించుట న్యాయమే.

ఇక బెడ్డు. దినదినము పని జరుగునది చక్కు దగ్గఱనే గనుక అచ్చటనే బెడ్డు గుంటపడును. చక్కునకు ఎదుటనున్న టెయిల్‌స్టాకు కొన యించుమించుగా కర్మాగారమునుండి వచ్చినట్లే యుండును. ఆ యరుగని భాగమే కొలమానము. సరళమైన ఉక్కు బద్దకు ప్రష్యన్ బ్లూ పలుచగా పూసి బెడ్డుపై జరిపినచో, మిట్టలకు నీలము అంటును. వానిని స్క్రేపరుతో గోకవలెను, మరల పూసి మరల చూడవలెను. మూడు పలకలను ఒండొంటితో పోల్చి గోకుచు, ఏ యాధారమును లేకయే సమతలమును సాధించు విధానమును ఆంగ్లేయ ఇంజనీరు విట్వర్తు 1840లో విద్వత్సభయందు వివరించెను. పరికరములు మారినను ఆ యూహ నేటికిని అదియే. చదరపు అంగుళమునకు పది, పదునైదు నీలపు చుక్కలు సమముగా పడువఱకు సాగు ఈ పనికి ఓర్పే ప్రధానము. గోకిన చిన్నగుంటలలో నూనె నిలుచుటచే తళతళ మెఱయు బెడ్డుపైకన్న దీనిపైననే పనిముట్టును మోయు భాగము మేలుగా జరుగును. అద్దమువలె మెఱయించి రంగులు పూసి విక్రయించు లేతును చూచినపుడెల్ల నాకు అనుమానమే.

పరీక్ష సులభము. ఒక కడ్డీపై దూరముగా రెండు పట్టీలను మిగిల్చి, రెండింటిని ఒకే కోతలో త్రిప్పి మైక్రోమీటరుతో కొలువవలెను. తేడా మిల్లీమీటరులో నూఱవ వంతు దాటకున్నచో శ్రమ ఫలించినట్లే. దాటినచో ముందుగా బోల్టులు బిగించిన నేలను, యంత్రపు మట్టమును అనుమానింపవలెను గాని వెంటనే స్క్రేపరు పట్టరాదు.

ఈ సీమలో త్రుప్పుకన్న భయంకరమైనది ధూళి. హగరి యొడ్డున దర్గాహొన్నూరు వైపు ఇసుకమేటలు పొలములపైకి ప్రాకుచున్న ప్రాంతమిది. గాలితో వచ్చు ఆ యిసుక పోతయినుముకన్న గట్టిది, నూనెలో కలిసినచో సానబెట్టు పేస్టుగా మారును. కనుక ప్రతి సాయంకాలమును పాతనూనెను తుడిచి క్రొత్తది పలుచగా పూయవలెను, పైన చెక్కపెట్టెనో, మందపు గుడ్డనో కప్పవలెను. గోనెసంచి మాత్రము వద్దు; అది వానకాలపు చెమ్మను పీల్చుకొని, కార్తెలు మారినను వదలక, బెడ్డుమీద తన నేతగళ్ల గుర్తులను త్రుప్పుతో అచ్చొత్తును.