దీనదయాళ్ ఛాయాచిత్రాలు – స్థానిక చరిత్ర: ఒక పరిశీలన

హైదరాబాదు చరిత్ర గ్రంథాలలో లాలా దీనదయాళ్ (1844–1905) ఛాయాచిత్రాలు తరచుగా కనిపిస్తాయి. చాలా సందర్భాలలో అవి రచయిత చెప్పిన విషయానికి అలంకారంగా నిలుస్తాయే తప్ప ఆధారంగా పరిశీలనకు రావు. శాసనాన్ని ఉదాహరించే పరిశోధకుడు దాని లిపిని, కాలాన్ని, వేయించినవారిని విచారిస్తాడు. ఛాయాచిత్రం విషయంలో ఈ విచారణ అంతగా జరగడం లేదు. చిత్రం తనంతట తానే సత్యం చెబుతుందన్న నమ్మకమే ఇందుకు కారణం. ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో, స్థానిక చరిత్రకు ఈ చిత్రాలు ఏ మేరకు ఆకరాలు కాగలవో నిర్ణయించడం ఈ వ్యాసం లక్ష్యం.

పోషణ – దృష్టి

మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించిన దీనదయాళ్ రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నేర్చి, ఇందూరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా జీవితం ప్రారంభించాడు. 1882లో లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ పర్యటించి కట్టడాలను చిత్రించాడు. ఆ కృషి ఫలితంగా 1886లో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాల సంపుటి వెలువడింది. తరువాత సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. నిజాం ఆయనకు ‘రాజా’ బిరుదుతో పాటు ‘ముసవ్విర్ జంగ్’ అన్న బిరుదు కూడా ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. దర్బారు ఆయన యంత్రవిద్యను చిత్రకళగానే గుర్తించిందని ఈ పదం సూచిస్తుంది.

ఈ జీవితక్రమంలో గమనించవలసిన అంశం ఒకటి ఉంది. భవనాన్ని కొలతలతో చూసే ఇంజనీరింగు దృష్టి, ప్రభువును వైభవంతో చూపవలసిన ఆస్థాన ధర్మం ఆయనలో కలిశాయి. ఫలక్‌నుమా, బషీర్‌బాగ్ ప్రాసాదాల చిత్రాలలో ఈ రెండూ కనిపిస్తాయి. బషీర్‌బాగ్ ప్రాసాదం నేడు లేదు, పేటకు పేరుగా మాత్రమే మిగిలింది. కట్టడం నేలమట్టమైన చోట చిత్రమే ప్రథమ సాక్ష్యమవుతుంది. ఇక్కడ ఛాయాచిత్రపు ఆకర విలువ నిస్సందేహం.

ఫ్రేములో ఉన్నవారు, లేనివారు

మనుషుల విషయానికి వస్తే పరిస్థితి మారుతుంది. 1902లో వరంగల్లు ప్రాంతంలో జరిగిన వేటలో చచ్చిన పులి వెనుక కర్జన్ దంపతులు నిలిచిన చిత్రం ప్రసిద్ధమైంది. అందులో వైస్రాయి ఉన్నాడు, ఆయన భార్య ఉంది, పులి ఉంది. అడవిని గాలించి పులిని ఎదుటికి తోలినవారు, దారి చూపినవారు, డేరాలు మోసినవారు లేరు. శీర్షికలో వరంగల్లు పేరు ఉన్నంత మాత్రాన ఆ చిత్రం వరంగల్లు చరిత్ర కాదు. అది వరంగల్లులో జరిగిన వైస్రాయి చరిత్ర.

కరువు చిత్రాలను ఇదే దృష్టితో చూడాలి. 1876–78 నాటి మద్రాసు కరువులో విలోబీ వాలెస్ హూపర్ ఎముకల గూళ్ల వంటి మనుషులను వరుసగా కూర్చోబెట్టి తీసిన చిత్రాలు ఆనాడే విమర్శకు గురయ్యాయి. ఆ కరువు బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాలను కూడా పీడించినదే. నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ ప్రాంతపు కరువు సహాయ కార్యక్రమాలను చూపే దీనదయాళ్ చిత్రాల ఉద్దేశం వేరు. ప్రభుత్వం చేసిన సహాయాన్ని నమోదు చేయడం వాటి పని. హూపర్ చిత్రంలో బాధితుడు దృశ్యంగా మారితే, దీనదయాళ్ చిత్రంలో ప్రభువు దాతృత్వానికి సాక్షిగా మారాడు. రెండింటిలోను అతనికి పేరు లేదు, ఊరు లేదు.

అంతఃపుర స్త్రీల విషయంలో లోపం మరో విధమైనది. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో ఏర్పడింది. దానిని ఒక ఆంగ్ల మహిళ నిర్వహించింది. అక్కడి చిత్రాలు పరాయి కళ్ల కోసం ఉద్దేశించినవి కావు. అందువల్ల మిగిలిన చిత్రాలలో స్త్రీలు తక్కువగా కనిపించడాన్ని ఆనాటి సమాజంలో వారి స్థానానికి నేరుగా కొలమానంగా తీసుకోరాదు.

వరద చెప్పిన పాఠం

1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. అప్పటికి దీనదయాళ్ మరణించి మూడేళ్లయింది. ఆయన సంస్థ ఆ విధ్వంసాన్ని చిత్రాలలో నమోదు చేసింది. ఈ చిత్రాలకు నాయకుడంటూ లేడు. కూలిన గోడ, తెగిన వంతెన, శిథిలమైన వీధి వీటిలో ప్రధానమయ్యాయి. నగరవాసికి తన పేటను గుర్తుపట్టే అవకాశం వీటిలో ఎక్కువ. పోషకుని మూర్తి తగ్గిన కొద్దీ స్థలం మూర్తి పెరుగుతుందని ఈ పోలిక వల్ల తేలుతుంది. అయితే ఇది చిత్రకారుని ప్రతిభలో వచ్చిన మార్పు కాదు. చిత్రం ఎవరి కోసం తీయబడిందన్న ప్రశ్నకు సమాధానం మారింది.

కైఫియత్తులతో పోలిక

కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు మొదలైనవారు సేకరించిన కైఫియత్తులు కూడా వలసపాలకుని అవసరం నుంచి పుట్టినవే. అయినా వాటిలో కరణం చెప్పిన వంశక్రమం, చెరువు తవ్వించినవారి పేరు, గ్రామదేవత కథ ఉన్నాయి. వాటిని అడిగినవాడు పరాయివాడు, చెప్పినవాడు ఊరివాడు. దీనదయాళ్ చిత్రంలో ఊరివాడు కనిపిస్తాడు గాని మాట్లాడడు. అతని తరఫున గాజుపలక అంచున వ్రాసిన ఆంగ్ల శీర్షిక మాట్లాడుతుంది. ఆ శీర్షిక, దాని పక్కనున్న సంఖ్య లేకపోతే చిత్రపు కాలస్థలాలు తెలియవు. అవి మాత్రమే ఉంటే ప్రభుత్వం చెప్పదలచుకున్నదే తెలుస్తుంది.

పరిరక్షణ అన్న పదాన్ని ఇక్కడే పునర్విచారించాలి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దీనదయాళ్ గాజు నెగెటివులు 2,857 సేకరించింది. పగిలే స్వభావం గల పలకలు నశించకుండా నిలవడం గొప్ప మేలు. కాని పలక నిలిచినంత మాత్రాన స్థానిక చరిత్ర నిలవదు. కట్టడాన్ని, వీధిని, వృత్తివారి వేషాన్ని, పనిముట్టును గుర్తించగల జ్ఞాపకం ఆయా ఊళ్లలో ఉంది, అది తరం వెంట తరం తరిగిపోతున్నది.

ముగింపు

దీనదయాళ్‌ను కేవలం దర్బారు చిత్రకారుడని తోసిపుచ్చడం గాని, హైదరాబాదు చరిత్రకారుడని కీర్తించడం గాని సమంజసం కాదు. ఆయన చిత్రాలు పాలకుని చరిత్రకు ప్రత్యక్ష ఆధారాలు, ప్రజల చరిత్రకు పరోక్ష ఆధారాలు. మొదటిదాన్ని చదవడానికి శీర్షిక చాలు. రెండవదానికి చిత్రపు అంచులను, నేపథ్యాన్ని, గుమిగూడినవారి ముఖాలను చదవాలి. మూల శీర్షికను చెరపకుండా, దాని పక్కన స్థానికులు గుర్తించిన పేర్లను, స్థలాలను తెలుగులోను ఉర్దూలోను చేర్చే పని విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు చేపట్టదగినది. శాసన పరిష్కర్త మూలపాఠాన్ని, తన వివరణను వేరువేరుగా చూపినట్లే ఈ రెండు పాఠాలు కూడా వేరుగా నిలవాలి. అప్పుడే పాలకుడు వ్రాయించిన మాట ఏదో, ఊరు చెప్పిన మాట ఏదో రాబోయే పరిశోధకునికి స్పష్టంగా తెలుస్తుంది.