నాబోతు మాట: 'నహలా', 'పిత్రార్జితం'

మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయాన్ని బలవంతుడు బలహీనుని భూమిని కాజేసిన కథగా చదవడం పరిపాటి. యెజ్రెయేలులో రాజభవనం పక్కనున్న ద్రాక్షతోటను అహాబు అడుగుతాడు, నాబోతు నిరాకరిస్తాడు, రాణి యెజెబెలు పన్నిన అభియోగం వల్ల రాళ్లదెబ్బలతో చంపబడతాడు. అయితే రాళ్లకు ముందే నాబోతు మాటకు హాని జరిగింది.

కథలో నాబోతు పలికేది ఒకే వాక్యం: పితరుల 'నహలా'ను ఇవ్వడానికి యెహోవా ఒప్పడని. అహాబు ముఖం చిన్నబుచ్చుకొని ఇల్లు చేరినప్పుడు కథకుడు ఆ వాక్యాన్నే తిరిగి చెబుతాడు; అందులో యెహోవా పేరు లేదు. రాజు రాణికి చెప్పేసరికి 'నహలా' కూడా జారిపోయి, ద్రాక్షతోట ఇవ్వనన్నాడన్నంతే మిగిలింది. ధర్మబద్ధమైన నిరాకరణ వట్టి మొండితనమైంది. యెజెబెలు విన్నది ఈ మూడో పాఠాన్నే.

'నహలా' వంతుగా సంక్రమించిన భూమి. లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం భూమి దేవునిది. శాశ్వత విక్రయం చెల్లదు. యెహోషువ గ్రంథంలోని భూపంపకాల్లో తెలుగు బైబిలు దీన్ని ప్రధానంగా 'స్వాస్థ్యము' అంది. నాబోతు నోట 'పిత్రార్జితము' పలికించింది. ఆర్జితమంటే సంపాదించినది. అందువల్ల తెలుగు పాఠకునికి నాబోతు తాతతండ్రుల ఆస్తిపై మమకారం వీడని వారసుడుగా తోస్తాడు. అమ్మే అధికారమే తనకు లేదంటున్నవాడుగా తోచడు. అనువాదకులను నిందించ పనిలేదు. 'పిత్రార్జితం'లోని ఆత్మీయత 'స్వాస్థ్యం'లో లేదు. కానీ భూపంపకాలకూ ఈ తోటకూ ఉన్న ముడి ఇక్కడ తెగింది.

రాజు కోరినది కూరతోట కోసం. ద్వితీయోపదేశకాండం 11వ అధ్యాయంలో ఈ మాట ఐగుప్తు సాగుకు ఉపమానం. దాస్యం విడిచి వచ్చిన జాతి రాజు ద్రాక్షను పెరికి కూరమళ్లు వేయాలనుకోవడంలోని వ్యంగ్యం గమనార్హం.

విచారణలో లోపం వెదికినా దొరకదు: ఉపవాస ప్రకటన, పెద్దల సభ, ధర్మశాస్త్రం కోరిన ఇద్దరు సాక్షులు. సాక్ష్యం అబద్ధమని ఎరిగిన పెద్దలలో ఒక్కరూ నోరు విప్పరు. నాబోతు కుమారుల రక్తం సంగతి ఈ అధ్యాయంలో లేదు. రెండవ రాజుల గ్రంథం 9వ అధ్యాయంలో యెహూ నోట బయటపడుతుంది. తోటకు వారసులు లేకపోవడానికి కారణం అప్పుడు తెలుస్తుంది.

ఏలీయా అహాబును నిలదీసిన ప్రశ్నలో హెబ్రీ క్రియలు రెండే. ఒకటి పది ఆజ్ఞలలో నరహత్యకు వాడినది. రెండోది ఇశ్రాయేలీయులు వాగ్దత్త భూమిని స్వాధీనం చేసుకోవడాన్ని చెప్పే క్రియ.